అడగకుండా వాడుకున్న ముఖం

“వ్యంగ్యానికి నీతిపాఠాలు చెప్పకండి.” విద్యార్థులు తీసే లఘుచిత్రాల గురించి ఎక్కడ మాట వచ్చినా ఈమధ్య ఈ వాక్యమే ఎదురొస్తోంది. సినిమా పాఠాలు చెప్పేవాళ్లు అంటున్నారు, సమీక్షలు రాసేవాళ్లు అంటున్నారు, యూట్యూబ్‌లో ప్రాంక్ వీడియోలు చేసే కుర్రాళ్లూ అంటున్నారు. ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన లఘుచిత్రాల పోటీకి న్యాయనిర్ణేతగా వెళితే, నాకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరూ అదే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇద్దరి మాటే నెగ్గింది, మొదటి బహుమతి ఇచ్చేశారు. ఇవ్వకూడదని ఇప్పటికీ అంటున్నాను.

చిత్రం 17 నిమిషాలు. క్యాంపస్ ఎన్నికల మీద డాక్యుమెంటరీ తీయడానికి బయల్దేరిన ముగ్గురు కుర్రాళ్ల కథ. ఆ ముగ్గురూ నటులే. వాళ్ల కెమెరా ముందు మాట్లాడే అభ్యర్థులు మాత్రం నటులు కారు. ఆ ఏడాది నిజంగా పోటీలో నిలబడ్డ విద్యార్థులు. “డిపార్ట్‌మెంట్ తరఫున ఎన్నికల మీద డాక్యుమెంటరీ” అని చెప్పి వాళ్లను కూర్చోబెట్టారు. చివర్లో కథలోని దర్శకుడు ఎడిటింగ్ గదిలో ఒంటరిగా మిగిలి, తను ఎవరి మాటలు ఎలా కత్తిరించాడో మళ్లీ చూసుకుని తల పట్టుకుంటాడు. అందుకే దీన్ని విద్యార్థి రాజకీయాల మీదే కాదు, డాక్యుమెంటరీ నీతి మీద కూడా వ్యంగ్యం అని మెచ్చుకున్నారు.

హాలంతా ఒకటే నవ్వు. అందరికన్నా ఎక్కువ నవ్వించింది ఒక హాస్టల్ అబ్బాయి. మెస్ బిల్లుల గురించి చెబుతూ ఒక ఇంగ్లీషు మాట దగ్గర తడబడతాడు, మళ్లీ మొదలుపెడతాడు, మళ్లీ అక్కడే తడబడతాడు. ఆ వెంటనే పడీపడీ నవ్వుతున్న గుంపు. ప్రదర్శన అయ్యాక అతను మెట్ల దగ్గర కనబడ్డాడు. ఆరోజు ఆరు నిమిషాలు మాట్లాడానన్నాడు. సినిమాలో ఉన్నది 11 సెకన్లు. ఆ నవ్వే గుంపు ఫ్రెషర్స్ డే నాటిదని చెప్పాడు. ఫిర్యాదు చేస్తున్నట్టు కూడా లేదు అతని గొంతు. “సినిమాలో ఉన్నానని మా అమ్మకు ఫోన్ చేసి చెప్పేశాను సార్” అన్నాడు.

ఎదుటివాళ్ల వాదనను దాని బలంతో సహా ముందు పెడతాను. వ్యంగ్యం పుట్టిందే మర్యాద తప్పడానికి, అనుమతి అడిగి వెక్కిరించడం ఎక్కడా కుదరదు అంటారు. విద్యార్థి నాయకులు తామే ఫ్లెక్సీలు కట్టుకుని, మైకు పట్టుకుని జనంలోకి వచ్చినవాళ్లు గనుక వాళ్లను చిత్రించడానికి ఎవరి సెలవూ అక్కర్లేదంటారు. చిత్రం అన్ని సంఘాలనూ సమానంగా ఎగతాళి చేసింది కాబట్టి పక్షపాతం లేదంటారు. పైగా తన మోసాన్ని తనే బయటపెట్టుకుంది, కెమెరాను గుడ్డిగా నమ్మొద్దని ప్రేక్షకుడికి నేర్పింది అంటారు. చివరి మాట అన్నిటికన్నా బరువైనది: నీతి పేరు చెప్పి ఇవాళ మనం ఒక విద్యార్థి చిత్రాన్ని తప్పుపడితే, రేపు అదే నీతిని అడ్డుపెట్టుకుని అధికారంలో ఉన్నవాళ్లు ప్రతి చిత్రాన్నీ ఆపేస్తారు.

తేలిగ్గా తోసేసే మాటలు కావు ఇవి. చివరి మాటకు జవాబు వెతుక్కోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. అయినా వీటిలో ఒక్కటీ నిలవదు.

1. వ్యంగ్యానికి కట్టుబాట్లు ఉండవన్న మాట

మన దగ్గర వ్యంగ్యం నిన్న మొన్న పుట్టింది కాదు. వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టి ఊళ్లో పెద్దమనుషులనీ అధికారులనీ ఏకిపారేశాడు. ప్లీడర్ల బాగోతం మీద ‘వ్యవహార ధర్మబోధిని’ ప్రహసనం రాశాడు. 1892లో ‘కన్యాశుల్కం’ విజయనగరంలో రంగమెక్కింది. గిరీశం, రామప్పంతులు, లుబ్ధావధాన్లు లాంటివాళ్లను గురజాడ తన చుట్టూ చూసే ఉంటాడు. చూసినవాళ్లను చూసినట్టు పట్టుకొచ్చి రంగస్థలం మీద నిలబెట్టలేదు, మనుషులను కొత్తగా చేశాడు. నూటముప్పై ఏళ్లుగా గిరీశాన్ని చూసి నవ్వుతున్నాం. ఆ నవ్వుకు ఏ ఒక్క మనిషీ ఇంటికెళ్లి తలుపేసుకోవలసిన అవసరం రాలేదు.

ఊరూరా తిరిగిన పగటివేషగాళ్లను గుర్తు తెచ్చుకోండి. కరణం వేషం వేసినా, కోమటి వేషం వేసినా, ఫకీరు వేషం వేసినా రంగు పూసుకున్నది వాళ్ల ముఖానికి. దారిన పోయేవాణ్ని పట్టుకుని వాడికి తెలియకుండా వాడి ముఖానికి రంగు పూయలేదు. వ్యంగ్యానికి కట్టుబాటే లేదన్నవాళ్లు ఈ ఒక్క తేడా చూడటం లేదు. ప్రహసనం నటుడి ముఖంతో నడుస్తుంది. డాక్యుమెంటరీ ముసుగు వేసుకున్న వ్యంగ్యం ఇంకొకడి ముఖంతో నడుస్తుంది. ఆ ముఖం అరువు తెచ్చుకున్నది. అరువు అడిగినప్పుడు ఒక మాట చెప్పారు: ఇది డాక్యుమెంటరీ అని. వ్యంగ్యం మర్యాద తప్పవచ్చు, తప్పాలి కూడా. మాట తప్పే హక్కు దానికి ఎవరిచ్చారు?

2. జనంలోకి వచ్చినవాడు కెమెరాకు లొంగాల్సిందేనన్న మాట

ఇందులో సగం నిజం ఉంది. బహిరంగ సభలో మైకు ముందు మాట్లాడినదాన్ని ఎవరైనా తీయవచ్చు, ఎవరైనా చూపవచ్చు. ఆ సభలో అబద్ధం ఆడిన నాయకుణ్ని చిత్రం చీల్చి చెండాడితే నేను చప్పట్లు కొడతాను. నేను మాట్లాడుతున్నది సభ గురించి కాదు. గదిలో కుర్చీ వేసి, కాలర్‌కు మైకు తగిలించి, నమ్మించి మాట్లాడించిన సంభాషణ గురించి.

ఇక్కడ నాకు 2006లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘బోరాట్’ను చూపుతారు. అది ప్రపంచాన్నంతా నవ్వించలేదా అని. నవ్వించింది. దాని వెనక ఏం జరిగిందో కూడా చూడాలి. అమెరికాలో ఇద్దరు కాలేజీ విద్యార్థులు, తమకు మందు పోయించి, అమెరికాలో ఎక్కడా చూపని డాక్యుమెంటరీ అని చెప్పి సంతకాలు పెట్టించుకున్నారని కోర్టుకెక్కారు. రుమేనియాలో గ్లోద్ అనే పేద పల్లె జనం, తమ ఊరిని కజకిస్తాన్‌లోని ఊరుగా చూపి, తమను అనాగరికులుగా నిలబెట్టారని వాపోయారు. తమ బతుకు మీద డాక్యుమెంటరీ తీస్తున్నారనుకున్నామన్నారు. కోర్టుల్లో ఎవరి కేసూ నిలవలేదు. ఇక్కడే మన విమర్శకులు పొరబడుతున్నారు. కాగితం మీద సంతకం ఉందా లేదా అన్నది చట్టం చూసుకుంటుంది. సంతకం పెట్టేటప్పుడు ఆ మనిషికి ఏం చెప్పారన్నది మనం చూడాలి. ఆ విద్యార్థుల నోట వచ్చిన మాటలు నిజంగానే అసహ్యమైనవి, వాళ్ల మీద నాకు జాలి లేదు. గ్లోద్ జనం ఏ తప్పు చేశారని వాళ్లను నవ్వులపాలు చేశారు?

పైగా ‘నాయకులు’ అన్న ఒక్క మాట కింద ఎవరెవరిని కలిపేస్తున్నారో చూడండి. విద్యార్థి ఎన్నికల మీద లింగ్డో కమిటీ చేసిన సిఫార్సులను సుప్రీంకోర్టు 2006లో అమల్లో పెట్టింది. వాటి ప్రకారం ఒక అభ్యర్థి ఎన్నికల ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చు పోస్టర్లు వాడకూడదు, చేత్తో రాసినవే అంటించాలి. మంత్రులతో సెల్ఫీలు దిగే నాయకుడూ ఉంటాడు, చార్టు మీద స్కెచ్ పెన్నుతో తన పేరు తనే రాసుకుని గోడకు అంటించే కుర్రాడూ ఉంటాడు. ఇద్దరూ ఒకే జాబితాలో ఉన్నంత మాత్రాన ఇద్దరూ ‘ప్రముఖులు’ అయిపోరు. మొదటివాడి మీద క్లిప్ వస్తే దాన్ని తొక్కేసే మనుషులు అతనికి ఉన్నారు. రెండోవాడికి ఆ 11 సెకన్లే మిగులుతాయి. ఉద్యోగానికి వెళ్లినచోట, పెళ్లిచూపుల్లో, ఊళ్లో టీకొట్టు దగ్గర, ఎవరి ఫోన్‌లోంచైనా అవి ఎప్పుడైనా బయటికి రావచ్చు. పోటీ చేసిన అమ్మాయి అయితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు, ట్రోలింగ్ పేజీలు అందుకోసమే కాచుకుని ఉన్నాయి.

3. అందరినీ సమానంగా వెక్కిరించారన్న మాట

ఇది నిష్పక్షపాతంలా కనిపిస్తుంది. కాస్త దగ్గరగా చూడాలి. ఆ చిత్రంలో పెద్ద సంఘాల అభ్యర్థులను దేనికి వెక్కిరించారు? వాళ్ల కార్లకు, కూలింగ్ గ్లాసులకు, అరువు నినాదాలకు. అవి వాళ్లు ఎంచుకున్నవి. హాస్టల్ అబ్బాయిని దేనికి వెక్కిరించారు? ఇంగ్లీషు సరిగా రానందుకు. అది అతను ఎంచుకున్నది కాదు. అతని ఊరి బడి, అతని ఇంటి పరిస్థితి అతనికి ఇచ్చినది. ఒకరి అహంకారం మీద నవ్వు, ఒకరి పేదరికం మీద నవ్వు. నిమిషాలు లెక్కపెట్టి రెండూ సమానమంటే ఎలా?

మనకు ఇది కొత్త అలవాటు కాదు, అందుకే నాకు ఎక్కువ బాధ. దశాబ్దాల పాటు మన సినిమాల్లో తెలంగాణ యాస ఎవరి నోట వినిపించింది? రౌడీ నోట, హాస్యగాడి నోట. ఉత్తరాంధ్ర మాట వినబడితే పనివాడో అమాయకుడో ఉన్నట్టు. రాయలసీమ మాట అంటే వేటకొడవలి. హాలులో కూర్చుని నవ్విన తరాలు ఆ యాస మాట్లాడే పిల్లలను తరగతిలో నోరెత్తకుండా చేశాయి. తెలంగాణ ఉద్యమం దానికి గట్టిగా అడ్డం నిలబడ్డాక గానీ తెర మీద కొంచెమైనా మారలేదు. అంత పోరాడి తెచ్చుకున్న మార్పును, కొత్త కెమెరాలు పట్టుకున్న పిల్లలు వ్యంగ్యం పేరుతో వెనక్కి తిప్పుతున్నారు. ఈసారి యాస స్థానంలో ఇంగ్లీషు తడబాటు వచ్చింది.

ఇంకొక సంగతి. “అందరూ దొంగలే” అన్న నవ్వు చివరికి ఎవరికి పనికొస్తుంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివర్లో కాలేజీల్లో విద్యార్థి ఎన్నికలు ఆగిపోయాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటి కొన్నిచోట్ల తప్ప తెలుగునాట రెండు తరాల విద్యార్థులకు క్యాంపస్‌లో ఓటు అంటే ఏమిటో తెలియదు. దాదాపు అదే కాలంలో, 1989లో, దేశం ఓటు వయసును 21 నుంచి 18కి దించింది. 18 ఏళ్లవాడు ఎంపీని ఎన్నుకోవచ్చు, తన హాస్టల్ గురించి అడిగేవాణ్ని మాత్రం ఎన్నుకోకూడదు. ఈ అన్యాయాన్ని సమర్థించేవాళ్లు ఎప్పుడూ చెప్పే కారణం ఒక్కటే: విద్యార్థి రాజకీయాలంటే గూండాయిజం, తమాషా. చిత్రం కూడా 17 నిమిషాలు అదే చెప్పింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల వల్ల సర్టిఫికెట్లు చేతికి రాక తిరిగే పిల్లలు గానీ, స్కాలర్‌షిప్ ఆగి మెస్‌లో పేరు కొట్టేయించుకున్న పిల్లలు గానీ ఆ చిత్రంలో ఒక్కరూ లేరు. ఇదే విద్యార్థి రాజకీయాల్లో ప్రాణం పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు: 1972 ఏప్రిల్ 14న ఉస్మానియాలో విద్యార్థి నాయకుడు జార్జి రెడ్డిని పొడిచి చంపారు. ప్రాణం పెట్టినవాళ్లనూ పోస్టర్ల కోసం పోటీ చేసినవాళ్లనూ ఒకే గాటన కట్టి నవ్వమంటే నావల్ల కాదు.

4. మోసాన్ని తనే ఒప్పుకుందన్న మాట

వాళ్ల వాదనలో అన్నిటికన్నా తెలివైనది ఇదే. దర్శకుడి పాత్ర చివర్లో తల పట్టుకుంటుంది కదా, చిత్రం తనను తానే నిలదీసుకుంది కదా అని.

ఇలా నిలదీసిన చిత్రం ఒకటి ప్రపంచంలో నిజంగానే ఉంది. కొలంబియాలోని కాలీ నగరానికి చెందిన లూయిస్ ఓస్పినా, కార్లోస్ మయోలో తీసిన ‘అగర్రాండో ప్యూబ్లో’. 1978లో బయటికొచ్చింది, నిడివి అరగంటకు లోపే. ఆ రోజుల్లో లాటిన్ అమెరికా పేదరికాన్ని తీసి ఐరోపా టీవీలకు అమ్ముకునే డాక్యుమెంటరీలు కుప్పలుగా వచ్చేవి. బీదతనాన్ని అంగడి సరుకు చేసే ఈ ధోరణికి వాళ్లిద్దరూ ‘పోర్నోమిసేరియా’ అని పేరు పెట్టారు, దాని మీద ప్రకటన పత్రం కూడా రాశారు. చిత్రంలో ఒక బృందం జర్మన్ టీవీ కోసం బిచ్చగాళ్లనూ వీధిపిల్లలనూ వేటాడుతూ తిరుగుతుంది. బృందం తీసే దృశ్యాలు రంగుల్లో ఉంటాయి, బృందం చేసే పనులు నలుపు తెలుపుల్లో ఉంటాయి. ఆ రంగు చూస్తుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. చివరికి ఒక పాడుబడ్డ ఇంటి ముందు అద్దెకు తెచ్చిన కుటుంబాన్ని నిలబెట్టి పేదరికం నటింపజేస్తుంటే, అసలు ఆ ఇంట్లో ఉండే లూయిస్ అల్ఫోన్సో లొందోన్యో దూసుకొస్తాడు. నోరు మూయించడానికి వాళ్లు ఇచ్చిన నోట్లతో వెనక తుడుచుకుంటాడు. కత్తి పట్టుకుని తరుముతాడు. డబ్బాలోంచి ఫిల్ము లాగి వెలుగులో పారేస్తాడు.

ఆ వెంటనే కెమెరా వైపు తిరిగి, బాగా వచ్చిందా అని అడుగుతాడు. అంటే లొందోన్యోకు అంతా తెలుసు. ఆ దృశ్యంలో అతను భాగస్వామి. చిత్రం ముగిసేది అతనితో దర్శకులు జరిపిన సంభాషణతో. కెమెరా ఎవరిని దోచుకుంటుందో అతనికే చివరి మాట ఇచ్చారు. మయోలో దర్శకుడి పాత్ర తనే వేసి, ఆ పాత్రలోని నీచత్వమంతా తన ముఖం మీద వేసుకున్నాడు. రంగు తన ముఖానికే పూసుకున్నాడు.

ఆ చిత్రం కూడా కడిగిన ముత్యం కాదు. నాణేల కోసం నీళ్లలోకి దూకించిన వీధిపిల్లల దృశ్యం నన్ను ఈనాటికీ ఇబ్బంది పెడుతుంది. అయినా దాని దెబ్బ ఎవరి మీద పడిందో స్పష్టం: తీసేవాళ్ల మీద. మన బహుమతి చిత్రంలో దెబ్బ ఎవరి మీద పడింది? పశ్చాత్తాపం నటుడికి, నవ్వులపాటు నిజం మనిషికి. కథలోని దర్శకుడు కత్తిరింపును చూసి కుమిలిపోతాడు, బయటి దర్శకుడు అదే కత్తిరింపును తెర మీద వేసి బహుమతి అందుకుంటాడు. హాస్టల్ అబ్బాయి పాత్రను ఇంకో నటుడితో వేయించడానికి ఏం అడ్డొచ్చింది? ఆ ముగ్గురు కుర్రాళ్ల పాత్రలకు నటులు దొరికినప్పుడు నలుగురు అభ్యర్థుల పాత్రలకు దొరకరా? దొరుకుతారు. నిజం మనిషి తడబడితే వచ్చే నవ్వు నటుడు తడబడితే రాదు, అందుకే వాళ్లను పెట్టలేదు. ఆ నవ్వు కావాలి, దాని ఖరీదు మాత్రం ఇంకొకడు కట్టాలి. దొంగతనం చేస్తూ ఇది దొంగతనమేనని అరిస్తే సొత్తు చేసినవాడిదైపోదు. ఒప్పుకోవడం అంటే తీసుకున్నది తిరిగి ఇచ్చేయడం.

5. నీతి అంటే సెన్సార్‌కు దారి అన్న మాట

దీనికి జవాబు మన కళ్ల ముందు జరిగినవాటిలోనే దొరికింది. 2015 ఆగస్టులో ఢిల్లీలోని ఒక కాలేజీలో ‘ముజఫర్‌నగర్ బాకీ హై’ డాక్యుమెంటరీ ప్రదర్శనను అడ్డుకున్నారు. దానికి నిరసనగా హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ గొంతెత్తింది. తర్వాత వచ్చిన గొడవ, ఐదుగురు విద్యార్థుల సస్పెన్షన్, 2016 జనవరి 17న వారిలో ఒకడైన రోహిత్ వేముల మరణం అందరికీ తెలిసినవే. 2017 జూన్‌లో తిరువనంతపురం డాక్యుమెంటరీ, లఘుచిత్రాల ఉత్సవంలో మూడు చిత్రాలకు కేంద్ర ప్రసార శాఖ సెన్సార్ మినహాయింపు నిరాకరించింది. ఒకటి రోహిత్ మరణానంతర హైదరాబాద్ క్యాంపస్ మీద, ఒకటి జేఎన్‌యూ మీద, ఒకటి కాశ్మీర్ మీద తీసినవి. ఆ చిత్రాల్లో ఎవరినీ మోసం చేసి కూర్చోబెట్టారని ఎవరూ అనలేదు. అధికారానికి చిత్రాన్ని ఆపడానికి నీతి అవసరం పడలేదు, ఫైలు మీద ఒక సంతకం చాలింది. కాబట్టి మనం నీతిని వదిలేస్తే వాళ్లు ఆపడం మానేస్తారనుకోవడం భ్రమ.

ఇక రెండోవైపు చూడండి. కత్తిరించి అతికించిన ఫుటేజీ ఎవరి చేతిలో ఆయుధమైంది? 2016 ఫిబ్రవరి 9 నాటి జేఎన్‌యూ సభ వీడియోలు దేశమంతా తిరిగాయి. 12న విద్యార్థి సంఘం అధ్యక్షుడు కన్హయ్య కుమార్‌ను అరెస్టు చేశారు. 17న కోర్టు ఆవరణలోనే కొట్టారు. ఢిల్లీ ప్రభుత్వం వేయించిన విచారణ కోసం ఏడు వీడియోలు మన హైదరాబాద్‌లోని ట్రూత్ ల్యాబ్స్ అనే ఫోరెన్సిక్ సంస్థకు వచ్చాయి. వాటిలో రెండింటిని మార్చారని ఆ ల్యాబ్ తేల్చింది. అది తేలేసరికి ఆ వీడియోలు చేయాల్సిన పని చేసేశాయి. ఒక చోటి శబ్దం ఇంకో చోటి ముఖానికి అతికించడం, ఒకనాటి నవ్వు ఇంకోనాటి తడబాటుకు అతికించడం వేరువేరు పనులని నాకు అనిపించడం లేదు. మొదటిదాన్ని కుట్ర అని తిట్టి రెండోదాన్ని కళ అని పొగడలేను.

విద్యార్థుల చేతిలో ఛానళ్లు లేవు, డబ్బు లేదు. వాళ్ల డాక్యుమెంటరీకి ఉన్న ఆస్తి ఒక్కటే, ఎదుట కూర్చున్న మనిషి నమ్మకం. వేధింపుల గురించి చెప్పదలచుకున్న అమ్మాయి, గైడ్ కులం పేరుతో తిట్టాడని చెప్పదలచుకున్న పరిశోధక విద్యార్థి, జీతాలు రాని కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలు కెమెరా ముందు కూర్చోవాలంటే ఆ నమ్మకం ఉండాలి. ఆ క్యాంపస్‌లో ఇకపై “డాక్యుమెంటరీ తీస్తున్నాం, రెండు మాటలు చెప్పండి” అంటే ఎవరు కూర్చుంటారు? సెన్సార్ బోర్డు చేయలేని పనిని ఆ 17 నిమిషాలు చేసి పెట్టాయి.

నేను నిషేధం అడగడం లేదు. ఆ చిత్రాన్ని ఆపమని ఏ అధికారికీ అర్జీ పెట్టను, పెట్టేవాళ్ల పక్కన నిలబడను. తీసినవాళ్లను అడుగుతున్నాను, బహుమతి ఇచ్చినవాళ్లను అడుగుతున్నాను. డాక్యుమెంటరీ అని చెప్పి కూర్చోబెట్టిన ప్రతి ఒక్కరికీ విడుదలకు ముందు తమ భాగం చూపాలి. వద్దన్నవారి ముఖం తీసేసి ఆ పాత్రకు నటుణ్ని పెట్టాలి. వేరే రోజు నవ్వును అతికించినచోట ఆ సంగతి తెర మీదే చెప్పాలి. ఇవి జరిగేదాకా బహుమతిని వెనక్కి తీసుకోవాలి. అన్నిటికంటే ముందు, అదే హాల్లో, అదే తెర మీద ఆ అబ్బాయి మాట్లాడిన ఆరు నిమిషాలూ కత్తిరించకుండా వేయాలి. ఆరోజు అక్కడ నవ్విన వందలమందిలో ఒక్కరికీ ఈనాటికీ తెలియదు, మెస్ బిల్లులో తప్పు ఎక్కడుందని అతను చెప్పాడో.